తెల్లవారుజామున నాలుగు గంటల ట్యూబ్‌లైటు

వేకువనే నిద్ర లేవడాన్ని సంకల్పబలానికి గీటురాయిగా చూపడం వ్యక్తిత్వ వికాస గ్రంథాలలో పరిపాటి. లేవలేనివాడు బద్ధకస్తుడన్న తీర్పు ఆ మాటలోనే ఇమిడి ఉంటుంది. అయితే శరీరం ఏ వేళకు మేల్కొనాలో నిర్ణయించే యంత్రాంగం సంకల్పానికి నేరుగా లొంగదు. అది కదిలేది కొన్ని రసాయనాల రాకపోకలకే.

రెండు కళ్ల నుంచి వచ్చే నాడులు ఒకదానినొకటి దాటే చోటుకు సరిగ్గా పైన, హైపోథాలమస్ అనే మెదడు భాగంలో, సుమారు 20,000 నాడీకణాల జంట గుంపు ఉంది. జీవగడియారానికి కేంద్రం అదే. ప్రతి కణంలోనూ ‘పీరియడ్’ వంటి జన్యువులు కొన్ని ప్రోటీన్లను తయారుచేయిస్తాయి, అవి పోగుపడి తమను పుట్టించిన జన్యువులనే అణచివేస్తాయి, అవి క్షీణించాక పని మళ్లీ మొదలవుతుంది. ఈగలలో ఈ చక్రాన్ని విడమరచి చూపిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. మనుషులలో ఈ చక్రం సగటున 24 గంటల కంటే కొద్ది నిమిషాలు ఎక్కువే తీసుకుంటుంది కనుక, రోజూ సరిదిద్దకపోతే పాత గోడగడియారంలా వెనుకబడుతూ పోతుంది.

సరిదిద్దేది వెలుగు. కంటిలోని రెటీనాలో, బొమ్మను చూడడంతో పెద్దగా పని లేని కొన్ని కణాలు మెలనాప్సిన్ అనే వర్ణకం వల్ల ముఖ్యంగా నీలి వెలుగుకు స్పందిస్తాయి. అప్పుడు వాటి తంతువుల కొసల్లో గ్లుటమేట్ అనే రసాయనం విడుదలై, గడియారపు కణాలలోకి కాల్షియం ప్రవేశించేటట్లు చేసి, పీరియడ్ జన్యువులను వేళ కాని వేళ పనిలోకి దింపుతుంది. ముల్లును జరిపే వేలు ఇదేనన్నమాట.

ఆ వేలు ముల్లును ఎటు జరుపుతుందన్నది మాత్రం వెలుగు పడిన వేళను బట్టి ఉంటుంది. అలవాటుగా మెలకువ వచ్చే సమయానికి రెండు మూడు గంటల ముందు శరీర ఉష్ణోగ్రత అతి తక్కువకు దిగుతుంది. ఆ ఘడియకు ముందు పడిన వెలుగును గడియారం నిన్నటి సాయంత్రపు కొనసాగింపుగా లెక్కగట్టి మరునాటి నిద్రనూ మెలకువనూ ఆలస్యం చేస్తుంది, తరువాత పడిన వెలుగును ఉదయంగా లెక్కగట్టి వాటిని ముందుకు తెస్తుంది. రాత్రి ఒంటిగంటకు పడుకుని ఎనిమిదింటికి లేచే పోటీ పరీక్షల అభ్యర్థి ఒకరు, ఏదో పుస్తకం చదివి, హఠాత్తుగా నాలుగింటికి అలారం పెట్టుకుని, ట్యూబ్‌లైటు వేసి పుస్తకం ముందు కూర్చున్నారనుకుంటే, ఆ శరీరానికి అది ఇంకా నడిరాత్రే. ఆ లైటు గడియారాన్ని ఎంతో కొంత వెనక్కే నెడుతుంది. మూడో రోజున అలారం నొక్కేసి దుప్పటి ముసుగు పెట్టినందుకు సంకల్పాన్ని తిట్టుకోవడం అన్యాయం.

సూర్యోదయానికి గంటన్నర ముందు మొదలయ్యే బ్రాహ్మీ ముహూర్తంలో లేవాలన్న నియమం, దీపాలు పెట్టిన కాసేపటికే ఇల్లు సద్దుమణిగే కాలానిది. ఆ శరీరాలకు అది రాత్రి చివరి అంచు. ఇప్పటివారు నియమాన్ని తెచ్చుకున్నారు గానీ ఆ రాత్రిని తెచ్చుకోలేదు.

కనుక అలారాన్ని రోజుకు ఇరవై నిమిషాల చొప్పున ముందుకు తెస్తూ, లేచిన వెంటనే ఆరుబయటి వెలుగులో నిలబడడం గడియారానికి నచ్చే పద్ధతి. మబ్బు పట్టిన ఆకాశం కూడా, సూర్యుడు పైకి వచ్చాక, ట్యూబ్‌లైటు గదికి ఎన్నో రెట్ల వెలుగునిస్తుంది. సాయంత్రపు కాఫీ మరో చిక్కు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో పేరుకుని మగత తెచ్చే అడినోసిన్‌ను కెఫీన్ అడ్డుకుంటుందన్నది చాలామందికి తెలిసినదే గానీ, నిద్రకు మూడు గంటల ముందు తీసుకున్న కెఫీన్ గడియారాన్నే సుమారు 40 నిమిషాలు ఆలస్యం చేసినట్లు ఒక ప్రయోగంలో తేలింది. ఎనిమిదింటికి లేచేవారు ఆరింటికి చేరడానికి రోజుకు ఇరవై నిమిషాల లెక్కన దాదాపు వారం పడుతుంది. మధ్యలో ఒక్క ఆదివారం పదకొండు దాకా కిటికీ తెరలు మూసి పడుకుంటే, ఆ ఉదయపు వెలుగు తప్పిపోయి, సోమవారం అలారం మళ్లీ అర్ధరాత్రి మోగినట్లే అనిపిస్తుంది.