విజయపురి యాత్ర

పల్నాటిసీమయందలి ఒక జిల్లాపరిషత్తు ఉన్నత పాఠశాలలో, ఏటేట సంక్రాంతి పండుగ వెళ్లిన పిమ్మట, ఎనిమిదవ తరగతి విద్యార్థులను విహారయాత్రకు గొనిపోవు ఆచారముండెను. విహారయాత్ర యనగా పాఠములకు సెలవనియు, దారిపొడవునను పాటలనియు బాలురు తలంచుట సహజము. కాని యీ విషయమున ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు మిక్కిలి కఠినుడు. యాత్రకు వచ్చు ప్రతి విద్యార్థియు ఒక చేతిపుస్తకమును, పెన్సిలును వెంట దెచ్చుకొనవలెను. తిరిగివచ్చిన వారము దినములలో, నాలుగు పుటలకు తగ్గకుండ, చూచిన విశేషములను వ్రాసి తెలుగు పండితునకు ఒప్పగింపవలెను. వానిలో మేలైనదానిని పాఠశాల వార్షికోత్సవమునాడు సభలో చదివింతురు. ఇట్టి నిర్బంధమువలన యాత్రయందలి రుచి చెడునని కొందఱు ఉపాధ్యాయులు వాదించిరి. చేతిలో పుస్తకమున్నంత మాత్రమున పులిహోర చేదుకాదని ఆయన బదులు చెప్పెను.

1976వ సంవత్సరము జనవరి నెలలో నాగార్జునకొండకు పోవ నిశ్చయమయ్యెను. బస్సు బాడుగయు, లాంచి రుసుమును కలిపి తలకు ఏడు రూపాయలు. గడువునాటికి ఒక్కరు తప్ప అందఱును సొమ్ము చెల్లించిరి. ఆ యొక్కడు తరగతిలో కడపటి వరుసయందు కూర్చుండు బాలుడు. మఱునాటి ఉదయమున వాడు చిల్లరనాణెములతో వచ్చి డ్రిల్లు మాస్టరుగారి బల్లమీద ఏడు రూపాయలు లెక్కపెట్టి ఉంచెను. అది వాని నాయనమ్మ కొంగున ముడివేసి దాచుకొన్న సొమ్ము.

సొమ్మిచ్చునపుడు ఆమె మనుమని దగ్గఱ కూర్చుండబెట్టుకొని, “నాయనా! నీవు పోవుచున్నది మా యూరికే సుమా!” అనెను.

“మీ యూరు కొండమీద నుండెనా, నాయనమ్మా?”

“కొండమీద కాదు, కొండక్రింద. మేము లేచివచ్చిన పిమ్మట ఏఱు దానిని కప్పినది. మా యింటికడ ఒక బావియు, బావిదాపున ఒక చింతచెట్టును ఉండెను. అది యెక్కడనో అడిగి చూచి రమ్ము.”

నీటిలో మునిగిన చెట్టును చూచుట యెట్లో బాలునకు తెలియలేదు. అయినను చేతిపుస్తకము మొదటి పుటలో ‘బావి, చింతచెట్టు’ అని వ్రాసికొనెను.

యాత్రకు ముందటి దినమున సాంఘికశాస్త్రోపాధ్యాయుడు కొండ చరిత్రమును బోధించెను. క్రీస్తుశకము మూడవ, నాలుగవ శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులు విజయపురి రాజధానిగా కృష్ణాతీరమును ఏలిరి. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అను నలుగురు వారిలో తెలియవచ్చినవారు. మూడు ప్రక్కల నల్లమల కొండలు, నాలుగవ ప్రక్క కృష్ణానది. నడుమ ఆ పట్టణము. రాజులు వైదిక యజ్ఞములు చేసిరి. వారి అంతఃపురస్త్రీలు బౌద్ధభిక్షువులకు విహారములు కట్టించిరి. వీరపురుషదత్తుని మేనత్త శాంతిశ్రీ మహాచైత్యమునకు దానములు చేసినట్లు ప్రాకృత శాసనములు చెప్పుచున్నవి. సింహళదేశపు భిక్షువులకొఱకు చైత్యగృహమును కట్టించిన బోధిశ్రీ రాణి కాదు; ఒక ఉపాసిక. రాజవంశము అంతరించిన తర్వాత పట్టణము పాడుపడెను. పిదప ఎన్నియో నూర్లయేండ్లు ఆ లోయ అడవికిని, పశువులకును, చిన్నచిన్న పల్లెలకును నెలవై యుండెను.

“దీనిని మొదట కనిపెట్టినవాడు ఎవడో యెఱుగుదురా?” అని ఉపాధ్యాయుడు ప్రశ్నించెను. దొర యనిరి కొందఱు; కలెక్టరనిరి మఱికొందఱు. “కాదు. సూరపరాజు వేంకటరామయ్య యను బడిపంతులు! 1926లో ఆయన ఒక పాత స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేసెను. తరువాతనే మద్రాసు శాసనశాఖలోని తెలుగు సహాయకుడు సరస్వతిగారు వచ్చి పరిశీలించిరి.” ఈ మాట చెప్పునపుడు ఆయన కంఠము కొంచెము హెచ్చెను. అందులో తప్పేమియు లేదు. బడిపంతుళ్ల పేళ్లు చరిత్రలోనికి ఎక్కుట అరుదు.

1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్‌స్ట్ దొర త్రవ్వకములు జరిపించెను. 1938లో రామచంద్రన్ గారు మఱల త్రవ్వించిరి. నందికొండకడ కృష్ణకు ఆనకట్ట కట్టుట నిశ్చయమైన పిమ్మట, లోయ యంతయు మునుగనున్నది గనుక, 1954 మొదలు 1960 వఱకు సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యవమున ఆరేండ్లు తెంపులేకుండ త్రవ్వకములు జరిగెను. ఇటు త్రవ్వకము సాగుచుండగనే అటు 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు పునాదిరాయి వేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. కొండ ద్వీపమాయెను. పుల్లారెడ్డిగూడెము మొదలగు పల్లెలవారు ఇండ్లు విడిచి దూరప్రాంతములకు తరలిపోయిరి. ఈ చివరి వాక్యమును ఉపాధ్యాయుడు వేగముగా చెప్పి గడియారము చూచుకొనెను, గంట కొట్టిరి.

మఱునాడు తెల్లవాఱకమునుపే బస్సు బయలుదేరెను. దారిలోని పాటలను, కిటికీల కొఱకైన తగవులను ఇచ్చట వర్ణింప బనిలేదు. విజయపురి దక్షిణమున రేవుకడ లాంచి యెక్కిరి. ముప్పాతికగంట ప్రయాణము. కనుచూపుమేర నీరే. గట్టుననున్న కొండలు మెడలవఱకు మునిగిన ఏనుగులవలె తోచుచుండెను. మొదట కేకలు వేసిన బాలురు నడిమికి వచ్చుసరికి తమంత తామే నెమ్మదించిరి.

కడపటి వరుస బాలుడు మెల్లగా సారంగుకడకు పోయి, తన నాయనమ్మ పల్లెపేరు చెప్పి, అది యెక్కడనని యడిగెను. సారంగు నవ్వలేదు. చుక్కానిమీది చేయి తీయకయే గడ్డముతో ఒక దిక్కు చూపి, “ఆ ప్రక్కన, బాబూ! వానకాలము ముందు నీరు బాగుగా తీసినపుడు కూడ నేను కప్పులు చూడలేదు. బావి మాట నాకు తెలియదు” అనెను. బాలుడు పుస్తకము తెఱచి కొండకు ఒక గుర్తు, లాంచికి ఒక గుర్తు పెట్టి, సారంగు చూపిన దిక్కునకు ఒక గీత గీసెను.

ద్వీపముమీద మ్యూజియము కలదు. 1966 నుండి అది ప్రజలకు తెఱవబడియున్నది. పాతరాతియుగపు పనిముట్లు, శాసనస్తంభములు, జాతకకథలు చెక్కిన పలకలు, నిలువెత్తును మించిన బుద్ధవిగ్రహము అందున్నవి. పలనాటి నాపరాతిని పోలిన లేతపచ్చని సున్నపురాతిలో శిల్పులు మడతమడతగా తీర్చిన వస్త్రమును చూచి డ్రాయింగు మాస్టరు కదలక నిలిచిపోయెను. మునుగనున్న కట్టడములలో తొమ్మిదింటిని ఱాయి ఱాయికి గుర్తువేసి తెచ్చి కొండమీదను, ఒడ్డున అనుపువద్దను మఱల నిలిపిరి. పదునాలుగింటికి నమూనాలు కట్టిరి. మహాచైత్యపు పునాది చక్రాకారముగ నుండుటను బాలురు చుట్టునడచి చూచిరి. ఒక కుఱ్ఱవాడు ఆకులు లెక్కించుచు రెండుమాఱులు తప్పి మూడవమాఱు విడిచిపెట్టెను.

మ్యూజియములో మునిగిన లోయ నమూనాయు ఉన్నది. తక్కినవారు బుద్ధవిగ్రహముకడ నుండగా మన బాలుడు ఆ నమూనాకడనే వంగి, తన గీతతో దానిని పోల్చుచుండెను. పండితుడు వచ్చి కారణమడిగెను. బాలుడు పుస్తకపు మొదటి పుట చూపెను. పండితుడు చాలసేపు చూచి, “ఉత్తరము ఇటున్నది. నీవు పటమును తలక్రిందుగ పట్టుకొన్నావు” అని త్రిప్పియిచ్చెను.

అనుపువద్ద బాలుర ఉత్సాహము పట్టశక్యము కాలేదు. అచ్చట ప్రాచీన రంగస్థలము పునర్నిర్మింపబడినది. నాలుగు ప్రక్కల మెట్లు. నడుమ చదరపు బయలు. క్రింద నిలిచి మెల్లగ పలికినను పైమెట్టున వినబడునని చెప్పగనే నలువదిమందియు ఒక్కమాఱుగా పలుకుటచే ఎవరి మాటయు ఎవరికిని వినబడలేదు. డ్రిల్లు మాస్టరు ఈల వేసి వరుస యేర్పఱచిన పిమ్మట ఒక్కొక్కడు దిగి తన పేరు చెప్పెను. సాయంకాలమున చంద్రవంకవాగు డెబ్బదియడుగుల యెత్తునుండి దూకు ఎత్తిపోతలను చూచి, చీకటిపడిన తర్వాత ఇండ్లు చేరిరి.

నాయనమ్మ మేలుకొనియే యుండెను. బాలుడు బుద్ధుని గూర్చి చెప్పెను. చక్రమువంటి స్తూపమును గూర్చి చెప్పెను. ఆమె ఊకొట్టుచుండెను. అనుపువద్ది మెట్లమాట వచ్చినప్పుడు మాత్రము లేచి కూర్చుండెను.

“ఆ మెట్లా! ఆ మెట్లమీది మన్ను మేము గంపల కెత్తితిమి. నేనును, మీ తాతయు, మా పల్లెలో సగము మందియు ఆ పనికి పోయితిమి. పారతో పొడవరాదు, చేతితో తీయుడనువారు. ఒక్కొక్క మెట్టు బయటపడుచుండగా ఇంకెన్ని యున్నవో యని పందెములు కాచెడివారము. మెట్లన్నియు బయటపడిన కొన్నాళ్లకు, మీరు లేవవలెనని చెప్పిరి.”

“నీకు కోపము రాలేదా?”

“వచ్చినది. ఇప్పుడు మన మళ్లలో పాఱుచున్నది ఆ నీరే గదా! వరి నాటునపుడు దానిలోనే నిలుచుందును. కోపమెవరిమీద?” అని కొంతసేపూరకుండి, “చెట్టు సంగతి చెప్పితివి కావు” అనెను.

వారము దినములలో నలువది వ్యాసములు పండితుని చేరెను. విహారయాత్రా వ్యాసములలో సగభాగము భోజనముతో నిండుట పరిపాటి; ఆకలిగొన్న వయస్సువారిని అందులకు తప్పుపట్టరాదు. మొదటివాడగు విద్యార్థి తేదీలను, కొలతలను పొల్లుపోకుండ వ్రాసి యుండెను. కడపటి వరుస బాలుని దస్తూరి వంకర; అక్షరదోషములు పదునాఱు. అయినను పండితుడు దానినే యెన్నుకొనెను. అందు మొదటి వాక్యమిది: ‘నాగార్జునకొండను త్రవ్వినవారిలో మా నాయనమ్మ ఒకతె.’

ప్రధానోపాధ్యాయుడు చదివి చిక్కులోపడెను. ఆ యేటి వార్షికోత్సవమునకు అధ్యక్షుడుగా రానున్నది కాలువల శాఖకు చెందిన ఒక ఇంజనీరు. మునిగిన యూరి మాట ఆయన యెదుట చదివించుట అతిథిని నిందించినట్లగునేమో యని ఆయన శంక. మొదటివాని వ్యాసమును చదివించిన చాలదా యనెను.

“అయ్యా! వీడు నీటిని నిందింపలేదు. మూడవ పుట చూడుడు. నాలుగెకరముల మెట్టభూమి మాగాణియైనదని వ్రాసినాడు. పోయినదియు, వచ్చినదియు రెండును వ్రాసినాడు. ఒకటి కొట్టివేయుమన్నచో ఏది కొట్టివేయవలెనో తామే సెలవిండు” అని పండితుడు కాగితములు ముందుంచెను. ప్రధానోపాధ్యాయుడు ఆ రాత్రి వానిని ఇంటికి గొనిపోయెను. ఉదయమున తిరిగి తెచ్చునప్పటికి పదునాఱు అక్షరదోషములును ఎఱ్ఱసిరాతో దిద్దబడియుండెను. వాక్యమొక్కటియు కొట్టివేయబడలేదు.

ఫిబ్రవరి నెలలో వార్షికోత్సవము జరిగెను. మామిడితోరణములు, రంగుకాగితపు జెండాలు, అరువు తెచ్చిన కుర్చీలు. ప్రధానోపాధ్యాయుని నివేదిక ఎప్పటివలెనే దీర్ఘముగా నుండెను. బహుమతుల పంపకమైన పిమ్మట బాలుడు వేదికనెక్కెను. మొదటి పుట వడివడిగ చదివెను. రెండవ పుటకు వాని గొంతు కుదుటపడెను. సారంగు చూపిన దిక్కు, మ్యూజియములోని నమూనా, మెట్లమీది మన్ను, పందెములు, మళ్లలోని నీరు - అన్నియు వచ్చెను. సభలో వెనుక నున్న ఆడువారి గుంపునందు మాటలు సద్దుమణిగెను. వ్యాసము ముగియగనే ఇంజనీరు చప్పట్లు కొట్టలేదు. చేయి చాచి కాగితములడిగి, బాలుడు గీసిన పటమును ముక్కుకద్దాల దగ్గఱగా పట్టి చూచుచుండెను.

అంతలో వెనుకనుండి ఒక ముసలియామె లేచి నిలిచెను.

“దొరగారూ! పిల్లవాడు ఒక్కమాట తప్పు చదివినాడు. చింతచెట్టు బావికి పడమట కాదు, తూర్పున. ప్రొద్దుటి నీడ బావిమీద పడెడిది.”

సభ గొల్లుమనెను. ఇంజనీరు మాత్రము నవ్వక, “ఎంత దూరమమ్మా?” అని యడిగెను. “చేద త్రాడు పొడుగు” అని ఆమె చెప్పెను. ఆయన తన జేబులోని కలమును తీసి పండితుని కందిచ్చెను. పండితుడు బల్లపైకి వంగి ‘పడమట’ అను మాటను కొట్టి ‘తూర్పున’ అని వ్రాయుచుండగా, తెరవెనుకనుండి బాలచంద్రుని వేషము కట్టిన విద్యార్థి తల బయటపెట్టి, మీసము ఊడిపోవుచున్నది, నాటకము వెంటనే ఆరంభింపవలెనని తొందరపెట్టెను.