ఇద్దరికీ ఒకే అంకె

మందు వేసుకోవద్దని మామయ్య అనడం లేదు బుజ్జీ. ఈ వారమే మొదలుపెట్టొద్దంటున్నాడు, అంతే. థైరాయిడ్ పరీక్షలో అమ్మమ్మకు టీఎస్‌హెచ్ 6.8, నీకూ 6.8. ఇద్దరికీ ఫ్రీ టీ4 మామూలుగానే ఉంది. ఇద్దరికీ 50 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్రే రాసిచ్చారు. ‘ఒకటే అంకె కాబట్టి ఒకటే మందా?’ అని అడిగావు. హౌస్‌సర్జన్‌కు రావాల్సిన అనుమానమే. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది, అది నీ ఉత్తరంలో ఎక్కడా లేదు: అసలు ఆ 6.8 నిలిచే అంకేనా?

టీఎస్‌హెచ్ రోజంతా ఒక్కలా ఉండదు. అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి దిగుతుంది. పెద్ద జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లలో కొన్ని వారాలు పైకి లేచి, ఎవరూ ఏమీ చేయకుండానే మళ్లీ సర్దుకుంటుంది. అమ్మమ్మ న్యుమోనియా నుంచి లేచి నెల తిరగలేదు. ‘ఫుల్ బాడీ చెకప్’ మీద డిస్కౌంట్ ఉందని మీ నాన్న మంచం మీదున్న మనిషి చేత కూడా తెల్లారకముందే రక్తం ఇప్పించాడు. ఇక ఆ కాగితం మీద అంకె నల్లగా, లావుగా అచ్చయిందంటే ఆశ్చర్యమేముంది?

రెండో పరీక్ష లేకుండా జీవితకాలపు మాత్ర రాయకూడదన్నది మామయ్య పట్టుదల. అది చాదస్తమని మీ అత్తయ్య అంటుంది. కానీ ఈ చాదస్తానికి లెక్కలు తోడున్నాయి. ఇజ్రాయెల్‌లో లక్షలమంది రికార్డులు తిరగేసి 2007లో ఒక పరిశోధన అచ్చువేశారు. మొదటిసారి 5.5కూ 10కీ మధ్య వచ్చి, మందు వాడనివాళ్లను ఐదేళ్లలోపు మళ్లీ పరీక్షిస్తే, నూటికి అరవైమందికి పైగా మామూలుకు వచ్చేశారు. మాత్ర లేదు, పథ్యం లేదు. వాళ్లందరికీ మొదటిరోజే మందు రాసి ఉంటే ఏమయ్యేది? అంకె దిగేది, ఆ ఘనత మాత్రకు దక్కేది, ‘చూశారా, పనిచేసింది, ఆపకండి’ అనేవారు. మాత్ర మొదలుపెట్టడానికి ఒక్క నిమిషం చాలు. ఆపి చూద్దామనే డాక్టరు దొరకడమే కష్టం. మన దేశంలో 2013లో వెలువడిన ఎనిమిది నగరాల సర్వేలో హైదరాబాద్ కూడా ఉంది. మొత్తం 5,376 మందిని చూస్తే, టీ4 బాగానే ఉండి టీఎస్‌హెచ్ మాత్రమే ఎక్కువున్నవాళ్లు సుమారు 8 శాతం. నూటికి ఎనిమిదిమందిని ఒక్క రక్తపరీక్షతో బతుకంతా రోగులను చేయడం తేలికే. మన ఇళ్లలో అయితే మాత్ర కంటే ముందు ‘ఆ అమ్మాయికి థైరాయిడ్ ఉందటగా’ అన్న మాట ఊరంతా తిరిగొస్తుంది.

‘కానీ నీరసంగా ఉంది, జుట్టు రాలుతోంది’ అంటావు. ముప్ఫై ఆరు గంటల డ్యూటీ చేసి, క్యాంటీన్ పులిహోరతో రోజు వెళ్లదీస్తే నీరసం రాక ఏమొస్తుంది? నీరసం, బరువు, మలబద్ధకం, మతిమరుపు అంటూ థైరాయిడ్ లక్షణాల జాబితా చదివితే వీధిలో సగంమంది తమ పేరే అనుకుంటారు. ఈ నీరసం సంగతి తేల్చడానికే ట్రస్ట్ ట్రయల్ చేశారు. 2017లో వచ్చింది. నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్, ఐర్లాండ్, బ్రిటన్‌లలో 65 ఏళ్లు దాటిన 737 మందిలో సగంమందికి లెవోథైరాక్సిన్, సగంమందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మొదట్లో సగటు టీఎస్‌హెచ్ 6.4. ఏడాది తర్వాత మందు వాడినవాళ్లలో 3.6కు దిగింది, ఉత్తుత్తి మాత్రవాళ్లలోనూ 5.5కు దిగింది. మరి నీరసం? రెండు గుంపుల్లోనూ ఒకటే. అంకె బాగుపడింది, మనిషికి తేడా తెలియలేదు.

వాళ్ల సగటు వయసు 74. అమ్మమ్మకు 76. ఆ ట్రయల్ జరిగింది అచ్చంగా ఆవిడలాంటివాళ్ల మీదే. పైగా వయసు మీదపడేకొద్దీ టీఎస్‌హెచ్ కాస్త పెరగడం సహజం. పాతికేళ్ల వాళ్ల గీతతో ఆవిడను కొలవకూడదు. ఎముకలు గుల్లబారాయని ఆవిడకు ఇప్పటికే మందులు నడుస్తున్నాయి. థైరాక్సిన్ మోతాదు మించితే ఎముక ఇంకా అరుగుతుంది, గుండె లయ తప్పి ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లోకి దిగే ప్రమాదమూ ఉంది. ఆ మాత్రల డబ్బా విప్పొద్దని మీ అమ్మతో చెప్పు. రెండు మూడు నెలలాగి మళ్లీ చూద్దాం. పది దాటితే అప్పుడు తీరిగ్గా ఆలోచిద్దాం. మొదలుపెట్టాల్సి వచ్చినా 50తో కాదు, ఇంకా తక్కువతో.

ఇక నీ సంగతి. 2019లో బీఎంజే పత్రికలో వచ్చిన సిఫారసు చూపించి ‘వాళ్లే గట్టిగా వద్దన్నారు మామయ్యా’ అని రాశావు. సగమే చదివావు! అదే సిఫారసులో మినహాయింపులున్నాయి: బిడ్డ కోసం ప్రయత్నిస్తున్న స్త్రీలు, టీఎస్‌హెచ్ 20 దాటినవాళ్లు, లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్లు, ముప్ఫైలోపు యువతలాంటివాళ్లు. నీకు ఇరవై నాలుగు. ముసలివాళ్ల మీద తేలిన ఫలితం తెచ్చి నీకు అతికించడం కుదరదు. అలాగని నీకు మందు కావాలనీ దాని అర్థం కాదు. నీ ప్రశ్నకు అక్కడ జవాబు లేదు, అంతే.

జవాబు కొంత యాంటీ టీపీఓ పరీక్షలో, అంటే థైరాయిడ్ మీద యాంటీబాడీలున్నాయేమో చూసే పరీక్షలో దొరుకుతుంది. అది చేయించకుండానే మాత్ర రాశారంటే మామయ్యకు కోపమొస్తోంది. ఇంగ్లండ్‌లోని విక్‌హామ్‌లో 1972లో మొదలైన సర్వేలో జనాన్ని ఇరవై ఏళ్లు వెంబడించి చూశారు. టీఎస్‌హెచ్ పెరిగి, యాంటీబాడీలూ ఉన్న స్త్రీలలో ఏటా నూటికి నలుగురికి పైగా అసలు హైపోథైరాయిడిజంలోకి జారారు. యాంటీబాడీలు లేనివాళ్లలో ఏటా నూటికి ఇద్దరు ముగ్గురే. నీకు టీపీఓ పాజిటివ్ వస్తే కంగారు పడనక్కర్లేదు, కానీ ఏటా ఒకసారి చూసుకోవాల్సిందే.

నీ పెళ్లి మాఘమాసంలో కాబట్టి ఇప్పుడే మందు మొదలెట్టాలని మీ అమ్మ పట్టుబడుతోందట. మందు అవసరం ముహూర్తాన్ని బట్టి రాదు, గర్భాన్ని బట్టి వస్తుంది. మొదటి మూడు నెలల్లో కడుపులోని బిడ్డకు సొంత థైరాయిడ్ ఇంకా అంది రాదు. మెదడు ఎదుగుదలకు తల్లి థైరాక్సినే ఆధారం. అందుకే బిడ్డను అనుకున్న రోజున లెక్క మారుతుంది. రెండోసారీ టీఎస్‌హెచ్ ఎక్కువే వచ్చి, టీపీఓ కూడా పాజిటివ్ అయితే, చిన్న మోతాదు వాడమని మామయ్యే చెబుతాడు. పెళ్లయ్యాక రెండేళ్లాగుదాం అనుకుంటే ఆ నిర్ణయం అప్పటికి వాయిదా వేయొచ్చు. ఈ ముక్క నువ్వూ, కాబోయే పెళ్లికొడుకూ కూర్చుని మాట్లాడుకోవాల్సింది. అత్తగారింటికి ల్యాబ్ కాగితం పంపే అవసరం లేదు.

మళ్లీ రక్తం ఇచ్చేటప్పుడు మొదటిసారి ఇచ్చిన వేళకే, అదే ల్యాబ్‌లో ఇవ్వు. జుట్టు కోసం వేసుకుంటున్న ఆ బిళ్లల్లో బయోటిన్ ఉంది. కొన్ని యంత్రాల్లో అది టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువ చేసి చూపిస్తుంది, పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపెయ్. ఎవరో చెప్పారని అయోడైజ్డ్ ఉప్పు మానేసి, రాళ్లుప్పు తెచ్చుకోకు. ఒకవేళ మాత్ర మొదలుపెట్టే రోజే వస్తే పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. క్యాల్షియం, ఐరన్ బిళ్లలకు నాలుగు గంటల ఎడం ఇవ్వాలి. మధ్యలో నెలకోసారి పరీక్షలు చేయిస్తూ మోతాదు మార్చే డాక్టరు తగిలితే ఆగి అడుగు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు గడవకుండా చూసే అంకెకు అర్థం లేదు.

రెండో రిపోర్టు వచ్చాక వాట్సాప్‌లో ఒక్క టీఎస్‌హెచ్ అంకె మాత్రం పంపకు. టీ4, టీపీఓ, రక్తం తీసిన టైము, ల్యాబ్ వేసిన పరిధి అన్నీ కనపడేలా కాగితం మొత్తం ఫొటో తీసి పంపు. అమ్మమ్మది విడిగా పంపు.