పాఠం 9: మూగచిత్రం నుంచి టాకీకి – నటి జుబేదా

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ఒక నటి వృత్తి జీవితంలోని దశలను వరుసగా చెప్పగలుగుతారు.
• సాంకేతిక మార్పు వస్తే ఒక వృత్తిలో ఏ నైపుణ్యానికి విలువ పెరుగుతుందో వివరించగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం
సినిమాలోగాని, టీవీ ధారావాహికలోగాని నటికి ముఖం ఎంత ముఖ్యమో మాట కూడా అంతే ముఖ్యమని మీకు తెలుసు. కాని 1931కి ముందు మన సినిమాకు మాట లేదు. మాట వచ్చినప్పుడు నటీనటుల బతుకులు ఎలా మారాయో ఈ పాఠంలో తెలుసుకుందాం.

9.2 సూరత్‌లో పుట్టిన బాలిక
జుబేదా 1911లో గుజరాత్‌లోని సూరత్‌లో జన్మించారు. తండ్రి ఆ పక్కనే ఉన్న సచిన్ సంస్థానానికి నవాబు. తల్లి ఫాతిమా బేగం. ఆ రోజుల్లో స్త్రీలు సినిమాల్లో నటించడాన్ని తప్పుగా చూసేవారు. 1913లో ఫాల్కే తీసిన ‘రాజా హరిశ్చంద్ర’లో తారామతి వేషం వేసింది అన్నా సాలుంకే అనే పురుషుడు! అలాంటి కాలంలో ఫాతిమా బేగం తాను నటించడమే కాక, కూతుళ్లు సుల్తానా, జుబేదా, షెహజాదీలను కూడా నటులను చేశారు. 1926లో ‘బుల్బులే పరిస్తాన్’కు దర్శకత్వం వహించి, మన దేశంలో తొలి మహిళా దర్శకురాలయ్యారు. జుబేదా పన్నెండేళ్ల ప్రాయానికే మూగచిత్రాల్లో అడుగుపెట్టారు.

9.3 మాట వచ్చింది
అర్దేషిర్ ఇరానీ తీసిన తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న బొంబాయిలోని మెజెస్టిక్ థియేటర్‌లో విడుదలైంది. కథానాయిక జుబేదా. అప్పట్లో డబ్బింగ్ లేదు. మాటను నటన జరుగుతుండగానే రికార్డు చేయాలి. స్టూడియో పక్కనే రైలు మార్గం ఉండడంతో చాలా భాగం రాత్రిళ్లు తీశారు. పాట ఉంటే నటులే పాడాలి.

కథానాయకుడు మాస్టర్ విఠల్ అప్పటికే పేరున్న నటుడు. కాని భాష కుదరక ఆయన సంభాషణలు బాగా తగ్గించారు. మూగచిత్రాల తార సులోచన ఒక ఏడాది ఆగి, హిందూస్తానీ నేర్చుకుని తిరిగి వచ్చారు. అందం, పేరు ఉన్నవే. కావలసింది కొత్త నైపుణ్యం.

తెలుగులోనూ ఇదే జరిగింది. హెచ్.ఎం.రెడ్డి దర్శకత్వంలో 1932 ఫిబ్రవరి 6న ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది. అందులో నటించిన సురభి కమలాబాయికి మాట, పాట నాటకరంగం నేర్పినవే.

9.4 తరవాతి దశ
1934లో జుబేదా నానూభాయ్ వకీల్‌తో కలిసి మహాలక్ష్మి మూవీటోన్ సంస్థ స్థాపించారు. హైదరాబాదుకు చెందిన ధన్‌రాజ్‌గిర్ మహారాజాను వివాహం చేసుకున్నారు. ఆమె 1988లో మరణించారు. ‘ఆలం ఆరా’ ప్రతి ఒక్కటి కూడా నేడు మిగలలేదు. తొలిసారి మాట్లాడిన ఆ కథానాయిక గొంతును మనం ఆ చిత్రంలో వినలేం.

సారాంశం
పని తెలిసినవారు కూడా పనిముట్టు మారినప్పుడు మళ్లీ విద్యార్థులు కావాలి. ఏడాది ఆగి నేర్చుకోవడం వెనకబడడం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. తొలి భారతీయ టాకీ ఏది? ఎప్పుడు విడుదలైంది?
2. సులోచన ఏడాదిపాటు ఏం నేర్చుకున్నారు? ఎందుకు?
3. కమలాబాయికి టాకీలో ఉపయోగపడిన అనుభవం ఏది?

మీరు చేయండి
మీ ఊళ్లో దర్జీ, నేతకారుడు, ఫొటోగ్రాఫరు – వీరిలో ఒకరితో మాట్లాడండి. వారి పనిలో వచ్చిన ఒక మార్పును, అందుకోసం వారు కొత్తగా నేర్చుకున్నదాన్ని పది వాక్యాల్లో రాయండి.

జవాబులు
1. ఆలం ఆరా, 1931 మార్చి 14. 2. హిందూస్తానీ; టాకీలో మాట్లాడాలి కాబట్టి. 3. నాటకానుభవం.