కడుపులో బల్ల



"పిల్లోడికి కడుపులో బల్ల పెరిగింది" అని పెద్దవాళ్ళు అనగా మీరు వినే ఉంటారు. నల్లమల అంచు పల్లెల్లో చలిజ్వరం మాట కొత్త కాదు. జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తే ఎడమ డొక్క కింద గట్టిగా చేతికి తగులుతుంది. దాన్నే బల్ల అంటారు. అది పైనుంచి వచ్చిన గడ్డ కాదు. అందరి ఒంట్లో ఉండే ఒక అవయవమే ఉబ్బుతుంది. దాని పేరు ప్లీహం.

ప్లీహం ఎక్కడ ఉంది? ఏం చేస్తుంది?

ప్లీహం ఎడమ పక్క, పక్కటెముకల చాటున ఉంటుంది. పిడికెడంత ఉంటుంది. పెద్దవాళ్ళలో సుమారు 150 గ్రాముల బరువు ఉంటుంది.

మన నెత్తురులో ఎర్రకణాలు, తెల్లకణాలు ఉంటాయి. ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. ముసలిదైన ఎర్రకణాలను ప్లీహం ఏరివేస్తుంది. చేటతో చెరిగి తాలు తీసినట్టే ఈ పని.

తెల్లకణాలు ఒంటికి కాపలాదారులు. రోగక్రిములు ఎక్కడ జొరబడితే అక్కడికి పోయి పోరాడతాయి. మన కంభం చెరువు నీళ్ళు నిలవ పెట్టుకుంటుంది. తూము ఎత్తితే పొలాలకు పారుతాయి. ప్లీహం కూడా కొన్ని రకాల తెల్లకణాలను అలాగే నిలవ పెట్టుకుంటుంది. అవసరం వచ్చినప్పుడు వదులుతుంది. 2009లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు చిట్టెలుకల్లో ఈ సంగతి చూశారు. ఎలుక గుండెకు దెబ్బ తగిలితే ప్లీహంలోని తెల్లకణాలు గుండె దగ్గరకు కదిలిపోయాయి. ప్లీహం తీసేసిన ఎలుకల్లో గుండె దగ్గరకు చేరిన కణాలు తగ్గాయి. గాయం సరిగా మానలేదు.

బల్ల ఎందుకు పెరుగుతుంది?

మలేరియా ఒక కారణం. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ అనే డాక్టరు మన సికింద్రాబాదులోనే కనిపెట్టాడు. అది 1897 ఆగస్టు 20. మలేరియాకు సరైన మందు వాడితే బల్ల మెల్లగా తగ్గుతుంది. కోత అక్కరలేదు. వాతలు అసలే వద్దు. వాతతో కాలేది చర్మమే, బల్ల కరగదు. ఉబ్బిన ప్లీహం మీద దెబ్బ తగిలితే అది పగిలి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే దాన్ని గట్టిగా నొక్కకూడదు, తోమకూడదు.

కొందరికి మాత్రం ప్లీహం తీసేయాల్సి వస్తుంది. బండి మీద నుంచి పడి ప్లీహం పగిలి, నెత్తురు ఆగకపోతే తీస్తారు. తలసేమియా వంటి నెత్తురు జబ్బుల్లో కూడా ఒక్కోసారి తీస్తారు.

చెల్లెలు, నర్సమ్మ మాట్లాడుకున్నారు

"నర్సమ్మా, ప్లీహం తీస్తే మనిషి బతుకుతాడా?"

"బతుకుతాడమ్మా. పనీపాటా చేసుకుంటాడు. కానీ జాగ్రత్త కావాల."

"మా బంధువులబ్బాయికి తీశారు. పరీక్షలో తెల్లకణాలు ఎక్కువ ఉన్నాయన్నారు. బలం పెరిగినట్టే కదా?"

"కాదమ్మా. నిలవ ఉండే చోటు పోయింది. అందుకే నెత్తురులో లెక్క ఎక్కువ కనిపిస్తది. కొన్ని క్రిములకు జారుడు పొర ఉంటది. తెల్లకణాలకు పట్టు దొరకదు. గొర్రెకు రంగు గుర్తు వేసినట్టు ప్లీహం ఆ క్రిములకు గుర్తు వేయిస్తది. అప్పుడు తెల్లకణాలు పట్టుకుంటాయి. ప్లీహం లేకపోతే ఆ పని తగ్గిపోతది."

"మరి ఈ సంగతి డాక్టర్లకు ముందే తెలుసా?"

"ప్లీహంతో పెద్ద పని లేదని ఒకప్పుడు చాలామంది అనుకున్నారు. 1952లో అమెరికాలో ఇద్దరు డాక్టర్లు ఒక సంగతి రాశారు. ప్లీహం తీసిన ఐదుగురు పసిబిడ్డలకు తర్వాత పెద్ద జబ్బులు చేశాయని. అప్పటినుంచి డాక్టర్లు మేలుకున్నారు. వీలైతే ప్లీహాన్ని కాపాడాలనే చూస్తారు. పిల్లలకైతే ఐదేళ్ళు నిండేదాకా ఆగాలని చూస్తారు."

ప్లీహం లేనివారికి జాగ్రత్తలు

1. టీకాలు వేయించాలి. న్యుమోనియా, మెదడువాపు తెచ్చే క్రిములకు టీకాలు ఉన్నాయి. కోతకు రెండు వారాల ముందే వేయించడం మంచిది. అత్యవసరంగా కోసి ఉంటే తర్వాత వేస్తారు. కొన్ని టీకాలు మళ్ళీ వేయించాలి.

2. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకూడదు. ఒక బిళ్ళ వేసి పడుకోబెట్టకూడదు. ఒక్క రోజులోనే ప్రాణం పోవచ్చు. వెంటనే 108కి ఫోను చేయాలి, లేదా ఆసుపత్రికి పోవాలి. "ప్లీహం తీశారు" అని ముందే చెప్పాలి.

3. దోమతెర కట్టుకోవాలి. వీరికి మలేరియా ముదిరిపోతుంది.

4. కుక్క కరిస్తే, చిన్న గాటే అయినా వెంటనే డాక్టరుకు చూపించాలి.

5. డాక్టరు రోజూ వేసుకోమన్న మందు మానకూడదు.

6. "ప్లీహం తీశారు" అని చీటీ మీద రాసి, ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి.

ఆ చీటీ రాయడానికి ఇంకొకరి కోసం చూడనక్కరలేదు. ఇప్పుడు మీకు రాయడం వచ్చు.

చెప్పండి, రాయండి

1. ప్లీహం ఒంట్లో ఏ పక్కన ఉంటుంది?
2. బల్లకు వాతలు ఎందుకు పెట్టకూడదు?
3. ప్లీహం లేనివారికి జ్వరం వస్తే మొదట ఏం చేయాలి?
4. మీకు దగ్గరి ఆసుపత్రి పేరు, 108 నంబరు పలక మీద రాయండి. తర్వాత ఇంటి గోడ మీద రాయండి.