కాక్‌పిట్ నుంచి ఫ్లైట్ సేఫ్టీ విభాగానికి

విమాన భద్రత అంటే ప్రమాదం జరిగాక నడిచే దర్యాప్తు మాత్రమేనన్న అభిప్రాయం ఇప్పుడు చెల్లదు. ముప్పును ముందే పసిగట్టి, దాని తీవ్రతను అంచనా కట్టి, తగ్గించే ఏర్పాట్లు చేసి, అవి పనిచేస్తున్నదీ లేనిదీ కనిపెట్టుకుని ఉండే పద్ధతిని సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అంటారు. వేర్వేరు అనుబంధాల్లో చెదిరి ఉన్న ఈ నిబంధనలను అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 19వ అనుబంధంగా కూర్చి 2013 నవంబరు నుంచి అమల్లోకి తెచ్చింది. భారత విమానయాన సంస్థల్లో ఈ పనిని ఫ్లైట్ సేఫ్టీ విభాగం చూస్తుంది.

ఈ విభాగంలో అనుభవజ్ఞుడైన పైలట్‌కు ఎందుకు విలువ ఉంటుందో తెలియాలంటే రోజువారీ పనిని దగ్గరగా చూడాలి. విమానంలోని రికార్డర్ నుంచి తీసిన సమాచారాన్ని కంప్యూటర్ జల్లెడ పట్టి, రన్‌వేకు 1000 అడుగుల ఎత్తులో వేగం, దిగే రేటు, ఫ్లాప్‌ల స్థితి పరిమితుల్లో లేని ల్యాండింగ్‌లను ‘అన్‌స్టెబిలైజ్డ్ అప్రోచ్’గా, అంటే కుదురులేని అవరోహణగా గుర్తిస్తుంది. విశ్లేషకుడికి అక్కడ కనిపించేది గీతల కదలికే. పైలట్‌కు మాత్రం ఏటీసీ (విమాన రాకపోకల నియంత్రణ కేంద్రం) ఆలస్యంగా కిందికి దించిందా, వెనకగాలి వీచిందా అన్న అనుమానాలు కూడా తడతాయి.

2010 మే 22న మంగళూరులో 158 మందిని బలిగొన్న ప్రమాదం ఇందుకు గట్టి పాఠం. అక్కడ విమానం రన్‌వే మొదటి నుంచి దాదాపు 5200 అడుగులు దాటాక నేలను తాకింది, ల్యాండింగ్ విరమించమని ఫస్ట్ ఆఫీసర్ అంతకుముందే మూడుసార్లు చెప్పినా కెప్టెన్ కొనసాగించాడు. తప్పు కెప్టెన్‌దేనని తేల్చి ఊరుకోవడం తేలిక. ఆ హెచ్చరిక ఎందుకు చెవికెక్కలేదో అడగడమే భద్రతాధికారి పని. పైలట్ల నుంచి వచ్చేవారికి అసలు కష్టం ఇక్కడే ఎదురవుతుంది, ఎందుకంటే తోటి పైలట్‌ను వెనకేసుకురావడమో, తానైతే అలా చేసేవాణ్ణి కాదని తీర్పు చెప్పడమో వారికి అలవాటై ఉంటుంది. నిజాయతీగా చెప్పిన పొరపాటును శిక్షించకుండా, తెలిసి చేసిన ఉల్లంఘనను ఉపేక్షించకుండా నడిచే ‘జస్ట్ కల్చర్’ నిలవాలంటే ఈ రెండు అలవాట్లూ వదులుకోవాలి.

కాక్‌పిట్ నుంచి ఈ విభాగానికి మారడానికి రిటైర్మెంట్ దాకా ఆగనక్కర్లేదు. ఫస్ట్ ఆఫీసర్‌గా ఉండగానే డేటా విశ్లేషణలోనో, సంఘటనల దర్యాప్తులోనో చేయి కలిపి, ఆడిట్ శిక్షణ, బ్రిటన్‌లోని క్రాన్‌ఫీల్డ్ వంటి చోట్ల ప్రమాద దర్యాప్తు కోర్సులు చేసుకోవడం మేలు. విమానం నడపడానికి అవసరమైన క్లాస్ 1 వైద్య ధ్రువపత్రం కోల్పోయాక ఇటు చూసేవారూ ఉన్నారు, వారికీ చోటుంది. కానీ విమానం నడుపుతూనే ఈ పని చేసేవారి మాటకు కాక్‌పిట్‌లో బరువెక్కువ. ఎగిరే గంటలు తగ్గితే వాటిని బట్టి వచ్చే భత్యం కూడా తగ్గుతుందన్నది ముందే లెక్కలోకి తీసుకోవలసిన సంగతి.

కోర్సుల కంటే తక్కువగా పట్టించుకునే నైపుణ్యం నివేదిక రాయడం. ‘పైలట్ అజాగ్రత్త వల్ల’ అని రాసిన నివేదికతో శిక్షణ విభాగం చేయగలిగింది ఏమీ ఉండదు. 1000 అడుగుల వద్ద వేగం పరిమితికి మించి ఎంత ఉంది, అప్పుడు ఎవరు ఏమన్నారు, ఎవరు మౌనంగా ఉన్నారు అని రాసిన నివేదికను తీసుకుని సిమ్యులేటర్ పాఠాన్ని మర్నాడే మార్చుకోగలదు.