బడి మానిన పిల్లలకు వాట్సాప్ ద్వారా చదువు

పాల కేంద్రానికి పూటపూటా క్యాను తెచ్చేవారిలో బడికి పోని పిల్లలు కూడా ఉంటారు. యంత్రమిచ్చిన చీటీ ఇంటికి తీసుకుపోతారే గాని చదవలేరు. ఇంట్లోనూ చదివేవారు లేకపోతే లెక్క సరిగా ఉన్నదో లేదో అడిగే నాథుడుండడు. రేపటి సభ్యులు వీరే. ఏడు సహకార సూత్రాలలో ఐదవది విద్య, శిక్షణ, సమాచారం. కనుక ఇది సంఘం చేయదగిన పనే.

ఏర్పాటు: తల్లిదండ్రుల అనుమతితో వారి ఫోన్లతోనే వేరే గ్రూపు పెట్టాలి. ఊళ్ళో చదువుకున్న ఒకరికి బోధన అప్పగించాలి. ఫోను లేని ఇంటి పిల్లల కోసం అదే పాఠం కేంద్రంలోని నల్లబల్లపై రాయాలి.

పాఠం: రోజుకు ఒక మాట చాలు. పెద్ద అక్షరాలతో రాసిన మాట ఫోటో, దానిని పలికిన వాయిస్ మెసేజ్ పంపాలి. పిల్లవాడు చూచి, విని, పలకపై రాసి, తాను చదివినది పంపాలి. మొదట తెలిసిన మాటలే తీసుకోవాలి. ‘మేక’, ‘పాక’ వచ్చిన పిల్లకు రెంటిలోనూ ఉన్న ‘క’ తానే దొరుకుతుంది. ‘పాలు’, ‘వేలు’ చదివితే ‘లు’ పట్టుబడుతుంది. అటుపైన పాలచీటీయే వాచకం. లీటరు 40 రూపాయల చొప్పున మూడున్నర లీటర్లకు ఎంత? 140 అని పిల్ల చెప్పగలిగితే చదువు, లెక్క రెండూ వచ్చినట్లే. వెన్న 5.8 ఎక్కువా, 6.2 ఎక్కువా అని కూడా అడగవచ్చును.

జాగ్రత్తలు: గ్రూపులో అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేటట్లు అమర్చుకోవాలి. పిల్లల జవాబులు బోధకుని నంబరుకే రావాలి. ఒకరి తప్పు పదిమందిలో పెట్టరాదు. పిల్లల ఫోటోలు పంపరాదు. ఫోను పెద్దల సమక్షంలో పది నిమిషాలకు మించి ఇవ్వరాదు. వారానికొకసారి బోధకుడు పిల్లలను ఎదుట కూర్చోబెట్టుకొని చదివించాలి. ఎదురుగా వింటేనే బట్టీయో, చదువో తెలుస్తుంది.

బడికి చేర్చుట: ఫోను బడికి బదులు కాదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ళ పిల్లలకు ఉచిత విద్య హక్కు. మధ్యలో మానినవారిని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకొని, వెనుకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. వయసు ధ్రువపత్రం లేదని చేర్చుకోకుండా ఉండరాదు. ఈ సంగతి తెలియకనే ఎందరో తల్లిదండ్రులు ‘ఇప్పుడేం చేర్చుకుంటారులే’ అని ఊరుకుంటున్నారు.

కార్యదర్శులు చేయవలసినది: పాలు పోసే ఇళ్ళలో బడికి పోని పిల్లల జాబితా రాసి, వచ్చే పాలకవర్గ సమావేశంలో పెట్టండి. జాబితాలోని పేర్లు ఒక్కొక్కటిగా బడి హాజరుపట్టీలోకి మారినప్పుడే ఈ పాఠం ఫలించినట్లు.