ఇంటిలో సముద్రము: పగడపు తొట్టియు దాని పీఠమును

సముద్రమునకు దూరముగా, సుమారు 900 మీటర్ల యెత్తున నున్న బెంగుళూరులో పెరుగు పిల్లలలో అనేకులకు రంగురంగుల సముద్రపు చేపలు మొదట గాజు తొట్టిలోనే దర్శనమిచ్చును. మదరాసు మెరీనా తీరమున 1909లో చేపల ప్రదర్శనశాల ఏర్పడినది. మన నగరమున కబ్బన్ పార్కులోని అక్వేరియం 1983లో ప్రారంభమైనది. అట్టి దానిని ఇంటనే అమర్చుకొనవలెనని నేడు పిల్లలు కోరుచున్నారు. తండ్రులు అంగడికి పోయి తొట్టి ధర విచారించుచున్నారు. ధర అడుగుటకు ముందు బరువు లెక్కింపవలెను. ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచిన మాట ఇదియే.

పగడము స్వభావము

పగడము రాయి కాదు, మొక్కయు కాదు. అతి చిన్న జంతువుల సమూహము. ఆ జంతువులు సముద్రజలము నుండి సున్నమును గ్రహించి తమ క్రింద గూళ్లు కట్టుకొనును. వాటి దేహములలో నివసించు సూక్ష్మమైన శైవలములు, అనగా నాచు జాతి జీవులు, సూర్యరశ్మితో ఆహారము చేసి వాటికి పంచును. కనుక పగడమునకు వెలుతురు చొచ్చుకొనిపోవు నిర్మలమైన నీరు కావలెను. గోదావరి, కృష్ణా నదులు ఒండ్రుమట్టిని తెచ్చి కలుపుచుండుటచేత ఆంధ్రతీరమున పెద్ద పగడపు దిబ్బలు పెరుగలేదు. మన దేశమున అవి మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాన్ నికోబార్ దీవులయందు కలవు.

బరువు లెక్క

6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు గల తొట్టిని తీసికొందము. దాని ఘనపరిమాణము 24 ఘనపుటడుగులు. ఘనపుటడుగునకు 28.3 లీటర్ల చొప్పున సుమారు 680 లీటర్ల నీరు పట్టును. ఉప్పునీరు లీటరునకు 1.025 కిలోగ్రాములు తూగును గనుక నీటి బరువే 700 కిలోలకు సమీపించును. 12 మిల్లీమీటర్ల మందము గల గాజు సుమారు 120 కిలోలు. రాళ్లు, ఇసుక 80 కిలోలు అనుకొందము. స్టాండు బరువును, క్రింద నుంచు వడపోత తొట్టి నీటిని చేర్చినచో మొత్తము ఒక టన్నును మించును. రాళ్లు కొంత నీటిని తొలగించునన్నది నిజమే గాని, భద్రత కొరకు ఆ తగ్గింపును లెక్కలో చేర్చకుండుటయే మేలు.

ఈ టన్ను బరువు నిలుచునది 12 చదరపుటడుగుల నేలమీద, అనగా సుమారు 1.1 చదరపు మీటరు మీద. నివాస గదుల నేలకు భారతీయ ప్రమాణములు సాధారణముగా నిర్ణయించిన బరువు చదరపు మీటరునకు సుమారు 200 కిలోలు. తొట్టి క్రింది భాగమున దానికి నాలుగైదు రెట్ల భారము పడుచున్నది. గది నేల యంతయు కలిసి ఇంత బరువును మోయగలిగినను, బరువంతయు ఒకేచోట కేంద్రీకరించుట వేరు విషయము. ఆ చోట స్లాబు వంగవచ్చును, బీటలు వారవచ్చును. మేడమీది ఇండ్లలో, అపార్టుమెంట్లలో నివసించువారు ఇంజనీరును సంప్రదింపక ఇట్టి తొట్టిని నిలుపరాదు. గది నడుమ గాక, దూలము మీదుగా గాని, బరువు మోయు గోడ ప్రక్కన గాని ఉంచుట మేలు. నేల అంతస్తు అన్నిటికన్న ఉత్తమము.

స్టాండు నిర్మాణము

స్టాండునకు కావలసినవి మూడు గుణములు: బలము, సమతలము, తుప్పు పట్టకుండుట. ఇనుప చదరపు గొట్టములతో వెల్డింగు చేయించినచో నాలుగు మూలలందే గాక నడుమ కూడ కాళ్లుండవలెను. కర్రతో చేయించినచో అడ్డపట్టీలు నిలువు కాళ్లపైననే ఆనవలెను. బరువును మేకులు, మరలు మోయరాదు. ఇనుమునకు ఎపాక్సీ రంగు రెండుసార్లు వేయవలెను, ఏలయన ఉప్పునీటి తుంపర ఇనుమును త్వరగా తినివేయును.

పైభాగమును రసమట్టముతో పొడవున, వెడల్పున రెండు దిక్కుల పరీక్షింపవలెను. ఒక మూల కొద్దిగా పల్లమైనను గాజు మెలిపడి, సిలికోన్ అతుకులు తెగిపోవును. చట్రము లేని తొట్టి క్రింద సన్నని థర్మాకోల్ పలక పరచుట మంచిది. నీరు ముందరి గాజును నెట్టు బలము 350 కిలోల బరువునకు సమానము. తొట్టి వెడల్పు ఎంత పెంచినను ఈ బలము మారదు. లోతు పెరిగినచో మాత్రము త్వరగా హెచ్చును.

నీరు, ఓపిక

కావేరి కొళాయి నీటిలో క్లోరిన్ కలిసియుండును. బోరు నీటిలో లవణములు అధికము. కనుక ఆర్.ఓ. నీటిలో, లీటరునకు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు మిశ్రమమును కలుపవలెను. 650 లీటర్లకు సుమారు 23 కిలోలు పట్టును. ఆవిరియగునది నీరే గాని ఉప్పు కాదు. కాబట్టి తగ్గినంత మేరకు మంచినీరే పోయవలెను.

చేపల విసర్జనముల నుండి అమ్మోనియా పుట్టును. దానిని బాక్టీరియా మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. ఈ బాక్టీరియా స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు తొట్టి ఖాళీగనే కనబడును. పిల్లలు తొందరపడుదురు, తల్లిదండ్రులు తొందరపడరాదు.

చట్టము చెప్పునది

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో 2001లో రాతి పగడములను, నల్ల పగడములను, గోర్గోనియన్లను చేర్చిరి. మన తీరముల నుండి వానిని తీయుట, అమ్ముట, ఇంట నుంచుకొనుట నేరము. చచ్చిన పగడపు ముక్కలకును ఇదియే నియమము. ఒక దిబ్బ ఏర్పడుటకు వేల సంవత్సరములు పట్టును. పెకలించుటకు ఒక పూట చాలును. సముద్రజలము వేడెక్కుటవలన 1998లో మన దిబ్బలు తెల్లబారి, పెక్కు పగడములు నశించినవి. మిగిలినవానిని మన ముచ్చట కొరకు కొనరాదు.

అట్లని పిల్లల కోరికను త్రోసివేయనక్కరలేదు. సిమెంటుతో గాని, మట్టిని కాల్చి గాని చేసిన కృత్రిమ శిలలతో దిబ్బను కట్టవచ్చును. పొదుగుశాలలలో పెంచిన క్లౌన్ చేపలను అందు వదలవచ్చును. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఈ చేపల పెంపకపు విధానమును రూపొందించియున్నారు. దిబ్బ కృత్రిమమైనను, పిల్లవాడు నేర్చుకొను శాస్త్రము నిజమైనదే.

ఇంట చేయదగిన అభ్యాసము

1. 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు గల తొట్టిలో ఎన్ని లీటర్లు పట్టును? ఉప్పునీటి బరువెంత?

2. ఆ నీటికి ఎన్ని కిలోల ఉప్పు కావలెను?

3. మీ ఇంట అట్టి తొట్టిని ఏ గోడ ప్రక్కన నిలుపుదురు? కారణము వ్రాయుడు.

మొదటి ప్రశ్నకు 255 లీటర్లు, 261 కిలోలు అనియు, రెండవదానికి దాదాపు 9 కిలోలు అనియు సమాధానము రావలెను. మూడవ ప్రశ్నకు సమాధానమును పిల్లలును తల్లిదండ్రులును ఇంటిని కలిసి పరిశీలించి వ్రాయవలెను. అది వ్రాసిన పిమ్మటనే అంగడికి పోవుట ఉచితము.